డిగ్రీ ఫస్టియర్‌లోనే కంప్యూటర్ మీద చెయ్యి తిరగాలంటే

నేను డిగ్రీ సెకండియర్‌లో ఉండగా నా స్కాలర్‌షిప్ రెన్యువల్ ఆగిపోయింది. ఎందుకు ఆగిందో తెలుసుకోవడానికే నెల పట్టింది. దరఖాస్తు నింపింది ఒక నెట్ సెంటర్‌లో. అక్కడ స్కాన్ చేసిన అందరి కాగితాలూ ఒకే ఫోల్డర్‌లో, స్కాన్-1, స్కాన్-2 అనే పేర్లతో పడి ఉండేవి. ఆ రద్దీలో నా దరఖాస్తుకు ఇంకెవరిదో ఆదాయం సర్టిఫికెట్ జతయింది. స్టేటస్ చూసుకుందామంటే పాస్‌వర్డ్ నా దగ్గర లేదు. మెయిల్ ఐడీ తెరిచింది వాళ్లే, దానికి ఇచ్చిన ఫోన్ నంబరూ వాళ్లదే. ఊరి నుంచి నర్సంపేట, నర్సంపేట నుంచి హనుమకొండ, బస్సు మీద బస్సు మారుతూ తిరిగాను. ఎమ్మెస్ ఆఫీస్ కోర్సులు, కోడింగ్ తర్వాత సంగతి, ముందు నా కాగితాలు, నా మెయిలు, నా పాస్‌వర్డ్ నా చేతిలో ఉండాలని ఆ తిరుగుడులోనే తెలిసొచ్చింది.

ములుగు, పరకాల, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు నుంచి వచ్చి వరంగల్, హనుమకొండ కాలేజీల్లో చేరే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇది రాస్తున్నాను. పక్కన కూర్చుని చెప్పినట్టు చెప్తాను కాబట్టి నువ్వు అనే అంటాను. రోజుకు ఒక గంట కేటాయించు, నెల రోజుల్లో ఇందులో ఉన్నవన్నీ వచ్చేస్తాయి.

కంప్యూటర్ లేదు కదా అంటావా

మొదటి నెలకు సొంత ల్యాప్‌టాప్ అక్కర్లేదు. కాలేజీ ల్యాబ్‌లో క్లాసులు లేని గంట ఏదో కనుక్కుని సార్‌నో మేడమ్‌నో అడుగు. మొహమాటపడి అడగని వాళ్లే ఎక్కువ గానీ, అడిగితే కూర్చోనిస్తారు. రూమ్‌లో సాధన చేయాలంటే ఓటీజీ కేబుల్ ఒకటి కొనుక్కో. దాంతో చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు మామూలు యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ తగిలించుకోవచ్చు. గూగుల్ డాక్స్, గూగుల్ షీట్స్ ఫోన్‌లో ఉచితంగానే వస్తాయి. ల్యాప్‌టాప్ ఉండి ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కొనలేకపోతే లిబ్రే ఆఫీస్ వేసుకో, అదీ ఉచితమే. దొంగ కాపీలు వేసుకోవద్దు. వాటితో వైరస్‌లు వచ్చే ప్రమాదం ఎక్కువ.

కొత్తగా కూర్చున్న వాళ్లకు ఏదో నొక్కితే ఏదో పోతుందని భయం ఉంటుంది. అందుకే మొదటి రోజు ఒక్కటే నేర్చుకో: కంట్రోల్, జడ్ కలిపి నొక్కితే అప్పుడే చేసిన పని వెనక్కి పోతుంది. ఒక పేరా టైప్ చెయ్యి, మొత్తం చెరిపెయ్యి, కంట్రోల్ జడ్ నొక్కు. పోయిన పేరా తిరిగి వస్తుంది. దీన్ని పదిసార్లు చేశాక వేళ్లలో వణుకు తగ్గుతుంది. ఆ తర్వాత కాపీకి కంట్రోల్ సి, అతికించడానికి కంట్రోల్ వి, సేవ్‌కు కంట్రోల్ ఎస్, పేజీలో ఒక మాట వెతకడానికి కంట్రోల్ ఎఫ్. పెద్ద నోటిఫికేషన్ పీడీఎఫ్‌లో నీ కోర్సు పేరు ఎక్కడుందో పట్టుకోవడానికి ఈ చివరిది ఎంత పనికొస్తుందో వాడితే తెలుస్తుంది.

మెయిలు నీ పేరు మీదే, నీ ఫోన్ మీదే

ఇప్పటికే ఎవరో తీసిచ్చిన మెయిల్ ఐడీ ఉంటే ఈ రోజే సరిచూడు. ఫోన్‌లో జీమెయిల్ తెరిచి, పైన కుడివైపు నీ ఫొటో మీద నొక్కి, గూగుల్ అకౌంట్‌లోకి వెళ్లు. అందులో సెక్యూరిటీ అనే భాగం ఉంటుంది. రికవరీ ఫోన్ దగ్గర ఎవరి నంబరుందో చూడు. నీది కాకపోతే మార్చు. మీ ఇంట్లో ఎప్పటికీ మారని నంబరు ఏదైనా ఉంటే, అమ్మదో బాపుదో, అదీ ఇవ్వొచ్చు. ఆఫర్ కోసం సిమ్ మార్చే అలవాటుంటే మానుకో. ఆధార్‌కు, బ్యాంకుకు, డిగ్రీ అడ్మిషన్ల సైటు దోస్త్‌కు, స్కాలర్‌షిప్ సైటు ఈపాస్‌కు అన్నింటికీ ఓటీపీ వచ్చేది నీ నంబరుకే.

తర్వాత అక్కడే టూ-స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్‌తోపాటు ఫోన్‌లోనూ ఒప్పుకుంటేనే మెయిల్ తెరుచుకునే ఏర్పాటు, ఆన్ చెయ్యి. దాంతోపాటు బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి ఎనిమిది అంకెలు, మొత్తం పది. వాటిని ఒక నోటుబుక్‌లో రాసి ఇంట్లో పెట్టు. ఫోన్ పోయిన రోజు ఆ నోటుబుక్కే నీకు దిక్కు. పాస్‌వర్డ్‌గా పేరూ పుట్టిన సంవత్సరమూ పెట్టొద్దు, అవి నీ హాల్ టికెట్ మీద ఎవరైనా చదవొచ్చు. సంబంధం లేని మూడు నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాసుకుంటే పొడుగ్గా ఉంటుంది, గుర్తూ ఉంటుంది.

మెయిల్ రాసేటప్పుడు సబ్జెక్ట్ గడి ఖాళీగా వదలొద్దు. 'బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం, బీకాం ఫస్టియర్, హాల్ టికెట్ నంబరు' అని రాస్తే ఆఫీసులో చూసేవాళ్లకు తెరవకముందే సంగతి తెలుస్తుంది. ముందు ఫైల్ జత చెయ్యి, తర్వాత విషయం రాయి, అడ్రస్ మాత్రం చివర్లో టైప్ చెయ్యి. ఈ వరుసలో చేస్తే ఫైల్ మర్చిపోయి ఉత్త మెయిల్ పంపడం జరగదు. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, సెట్టింగ్స్‌లో అన్‌డూ సెండ్‌ను 30 సెకన్లకు పెంచుకుంటే, పంపాక తప్పు కనిపించినా వెనక్కి తీసుకునే వీలుంటుంది.

కాగితాలకు ఒక ఫోల్డర్

గూగుల్ డ్రైవ్‌లో 'నా కాగితాలు' అని ఒక ఫోల్డర్ చెయ్యి. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, బోనఫైడ్‌లు, ఆధార్, క్యాస్ట్, ఆదాయం, బ్యాంక్ పాస్‌బుక్ మొదటి పేజీ, ఫొటో, సంతకం. ఇవన్నీ ఒక్క ఆదివారం కూర్చుని స్కాన్ చేసి పెట్టుకో. ఉచితంగా వచ్చే జాగా 15 జీబీ, జీమెయిల్, ఫొటోలు, డ్రైవ్ అన్నింటికీ కలిపి. ఈ కాగితాలతో అందులో ఒక మూల కూడా నిండదు.

పేర్ల విషయంలో బద్ధకించొద్దు. నా స్కాలర్‌షిప్ ఆగింది ఫైలు పేరు దగ్గరే. కాగితం పేరు, సంవత్సరం, నీ పేరు, మధ్యలో అడ్డగీతలు పెట్టు: ఆదాయం-2025-నీ పేరు. దీన్ని ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయి. కొన్ని ప్రభుత్వ సైట్లు ఫైలు పేరులో తెలుగు అక్షరాలుగానీ, ఖాళీగానీ, చుక్కలుగానీ ఉంటే తీసుకోవు. ఎందుకు తీసుకోలేదో కూడా సరిగ్గా చెప్పవు. పేరు మార్చడానికి కంప్యూటర్‌లో ఫైలు మీద ఒకసారి క్లిక్ చేసి ఎఫ్2 నొక్కితే చాలు.

50 కేబీలోపు ఫొటో

దరఖాస్తుల్లో పిల్లలు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. ఫోన్‌లో తీసిన ఫొటో మూడు నాలుగు ఎంబీలు ఉంటుంది. సైటేమో 50 కేబీ దాటొద్దంటుంది. ఒక ఎంబీ అంటే 1024 కేబీలు. అంటే నీ ఫొటో వాళ్లు అడిగినదానికి అరవై నుంచి ఎనభై రెట్లు పెద్దది.

ఎందుకంత పెద్దదో తెలిస్తే తగ్గించడం తేలిక. 12 మెగాపిక్సెల్ కెమెరా ఫొటోలో అడ్డంగా 4000, నిలువుగా 3000 చుక్కలుంటాయి. పాస్‌పోర్ట్ సైజు ఫొటోకు, అంటే 3.5 సెంటీమీటర్ల వెడల్పు, 4.5 సెంటీమీటర్ల ఎత్తుకు, మంచి ప్రింటు రావాలన్నా 413, 531 చుక్కలు సరిపోతాయి. మిగిలిందంతా వృథా బరువు. పని ఈ వరుసలో చెయ్యి.

1. ముందు కత్తిరించు. ముఖం, భుజాల వరకే ఉంచి గోడ, పక్కనున్న కుర్చీ తీసెయ్యి.
2. కంప్యూటర్‌లో పెయింట్ తెరిచి, కంట్రోల్ డబ్ల్యూ నొక్కు. రీసైజ్ పెట్టె వస్తుంది. అందులో పిక్సెల్స్ ఎంచుకో. పొడవు వెడల్పుల నిష్పత్తి ఉంచే టిక్ అలాగే ఉండనీ, లేకపోతే ముఖం సాగిపోతుంది.
3. వెడల్పు 413 అని కొట్టు. ఎత్తు అదే మారుతుంది.
4. సేవ్ యాజ్‌లో జేపీజీగా, కొత్త పేరుతో దాచు. అసలు ఫొటో మీద దాచొద్దు, మళ్లీ కావాల్సి వస్తుంది.
5. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సైజు చూడు. ఇంకా ఎక్కువుంటే వెడల్పు 300కు దించి మళ్లీ చెయ్యి.

సంతకానికీ ఇదే పద్ధతి. తెల్ల కాగితం మీద నల్ల పెన్నుతో పెట్టి, చుట్టూ ఖాళీ లేకుండా కత్తిరించు.

సర్టిఫికెట్లను ఉత్త కెమెరాతో ఫొటో తీయొద్దు. డ్రైవ్ యాప్‌లో స్కాన్ చేసే కెమెరా గుర్తు ఉంటుంది, అది అంచులు పట్టుకుని, వంకర సరిచేసి, నేరుగా పీడీఎఫ్ చేస్తుంది. పొద్దున కిటికీ దగ్గర కాగితం పెట్టి తియ్యి. లైటు కింద తీస్తే నీ చెయ్యి నీడే పడుతుంది, ఫ్లాష్ వేస్తే లామినేషన్ మీద తెల్లటి మచ్చ వస్తుంది. ముద్ర, సంతకం ఉన్నవి రంగుల్లోనే ఉంచు.

ఇంకొకటి. కాగితాన్ని వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపితే అది నాణ్యత తగ్గించేస్తుంది. అటాచ్ గుర్తు నొక్కి, డాక్యుమెంట్ అనే దారిలో పంపితే ఉన్నదున్నట్టు చేరుతుంది. జిరాక్స్ షాపులో మెమో మసకగా ప్రింటయిందంటే సగంసార్లు కారణం ఇదే.

తెలుగు టైపింగ్

ఇంగ్లిష్ టైపింగ్‌కు ఒక్క రహస్యమే ఉంది. కీబోర్డు మీద ఎఫ్, జె అక్షరాల మీద చిన్న గీత వేలికి తగులుతుంది. రెండు చూపుడు వేళ్లూ అక్కడ ఆనించి, కిందికి చూడకుండా రోజూ పావుగంట కొట్టు. మొదటి వారం నత్తనడకే, విసుగొస్తుంది. మూడో వారంలో వేళ్లు వాటంతటవే అక్షరాల దగ్గరికి పోతాయి.

తెలుగు గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలు దీన్ని పక్కన పెట్టేస్తున్నారు. సెప్టెంబర్ 9న కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. కాళోజీ తిరిగిన ఊళ్లో చదువుతూ, ఆ రోజు బోర్డు మీద పెట్టే ఒక పేజీ వ్యాసం టైప్ చేయించడానికి డీటీపీ షాపు ముందు నిలబడడం నాకు బాధనిపిస్తుంది. పైగా డీటీపీ వాళ్లు అను ఫాంట్లలో కొట్టిస్తే, ఆ ఫైలు కాలేజీ కంప్యూటర్‌లో తెరిచేసరికి పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. ఫైలు చెడిపోయిందనుకుంటారు, కానీ చెడిపోలేదు. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో తెలుగు బొమ్మలు కూర్చోబెడతాయి. ఆ ఫాంట్ లేని చోట గడిలో ఉన్న ఇంగ్లిష్ అక్షరమే బయటపడుతుంది. యూనికోడ్‌లో అలా కాదు, తెలుగుకే విడిగా 128 గళ్లు కేటాయించారు. యూనికోడ్‌లో కొట్టింది ఫోన్‌లో అయినా, మెయిల్‌లో అయినా, ఎక్కడ తెరిచినా తెలుగే. కాబట్టి ఎవరితో టైప్ చేయించినా యూనికోడ్‌లో ఇవ్వమని అడుగు.

నువ్వే కొట్టాలంటే విండోస్ సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌లోకి వెళ్లి తెలుగు భాషను చేర్చు. ఇంగ్లిష్ నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇంగ్లిష్‌కు మారడానికి విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కాలి. కీబోర్డులు రెండు రకాలు. ఫొనెటిక్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో పలికినట్టే కొడితే తెలుగు పడుతుంది, ఇవాళే మొదలుపెట్టొచ్చు. ఇన్‌స్క్రిప్ట్‌లో ఎడమ చేతికి అచ్చులు, గుణింతాలు, కుడి చేతికి హల్లులు. రెండు వారాలు కష్టపడాలి గానీ నా ఓటు దీనికే. ఒక్క మాటతో చూపిస్తాను. 'అక్క' అని కొట్టాలంటే షిఫ్ట్‌తో డి కొట్టు, అ పడుతుంది. కె కొడితే క. ఉత్త డి కొడితే పొల్లు. మళ్లీ కె కొట్టగానే పొల్లు పోయి కింద వత్తు కూర్చుంటుంది. బడిలో క కు కావత్తు ఇస్తే క్క అని ఎలా నేర్చుకున్నామో అదే లెక్క, కొత్తగా బట్టీ పట్టాల్సిందేమీ లేదు.

టైపింగ్ కుదరని రోజు గూగుల్ డాక్స్‌ను క్రోమ్‌లో తెరిచి, టూల్స్‌లో వాయిస్ టైపింగ్ ఎంచుకుని, తెలుగు పెట్టి చదివెయ్యి. మన యాసలో మాట్లాడితే కొన్ని మాటలు తప్పు పడతాయి, కూర్చుని దిద్దుకోవాలి. అయినా చేతిరాత నోట్సును కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఇది తొందరగా అయ్యే దారి.

ప్రాజెక్ట్ రిపోర్టు

ఫైనలియర్‌లో పనికొచ్చేది ఇప్పుడే అలవాటు చేసుకో. ఇవి ఎమ్మెస్ వర్డ్‌లో చేసే పద్ధతులు. కొత్త పేజీ కావాలని ఎంటర్ ముప్పైసార్లు కొట్టొద్దు, కంట్రోల్ ఎంటర్ ఒక్కసారి కొట్టు. హెడ్డింగును మధ్యకు తేవడానికి స్పేస్‌లు కొట్టొద్దు, కంట్రోల్ ఇ నొక్కు. అధ్యాయం పేరుకు అక్షరాలు పెద్దవి చేసి బోల్డ్ పెట్టే బదులు, పైన స్టైల్స్‌లో హెడ్డింగ్ 1 ఇవ్వు. అలా ఇస్తే విషయసూచిక రిఫరెన్సెస్ మెనూలో ఒక్క క్లిక్‌తో పేజీ నంబర్లతో సహా వస్తుంది. పేజీలు మారితే దాని మీద రైట్ క్లిక్ చేసి అప్‌డేట్ అంటే అదే సరిచేసుకుంటుంది. ప్రింటుకు ఇచ్చేముందు పీడీఎఫ్‌గా మార్చు. సుబేదారిలో ఇచ్చినా నయీంనగర్‌లో ఇచ్చినా, ఆ షాపు కంప్యూటర్‌లో నీ ఫాంట్ లేకపోతే వర్డ్ ఫైలులో పేజీలన్నీ జరిగిపోతాయి. పీడీఎఫ్ జరగదు.

బయటి కంప్యూటర్ దగ్గర

నెట్ సెంటర్‌కు అస్సలు వెళ్లొద్దని చెప్పడం లేదు, ప్రింటుకైనా వెళ్లక తప్పదు. క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ నొక్కితే ఇన్‌కాగ్నిటో తెర, అంటే మూసేశాక నువ్వు చూసింది గుర్తుంచుకోని తెర, వస్తుంది, అందులోనే లాగిన్ అవ్వు. పాస్‌వర్డ్ సేవ్ చెయ్యాలా అని అడిగితే వద్దను. పని కాగానే లాగౌట్ చేసి ఆ తెర మూసెయ్యి. ఇన్‌కాగ్నిటో అయినా డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు అక్కడే ఉండిపోతాయి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో నీ మెమో, నీ ఆధార్ వెతికి షిఫ్ట్ డిలీట్‌తో తీసెయ్యి, రీసైకిల్ బిన్‌లోకి కూడా పోకుండా. వాట్సాప్ వెబ్ వాడితే బయటికొచ్చాక ఫోన్‌లో లింక్డ్ డివైజెస్ చూసి అక్కడి నుంచి కూడా తీసెయ్యి.

స్కాలర్‌షిప్ వచ్చింది, ఈ లింకు నొక్కమని మెసేజ్ వస్తే, నొక్కేముందు అడ్రస్ చదువు. చదవాల్సింది వెనక నుంచి. మొదటి ఒంటి స్లాష్‌కు ముందు చివరి ముక్క ఏముందో చూడు. ప్రభుత్వ సైటయితే అక్కడ మామూలుగా గవ్ డాట్ ఇన్ ఉంటుంది. ఈపాస్ అనే మాట ముందు ఎక్కడో ఉండి, చివర డాట్ కామో డాట్ ఎక్స్‌వైజడో ఉంటే అది దొంగ సైటు. ఏపీకే ఫైలు, అంటే యాప్ ఫైలు, ఎవరు పంపినా, ఊళ్లోవాళ్ల గ్రూపులో వచ్చినా ఇన్‌స్టాల్ చెయ్యొద్దు. యూపీఐ పిన్ డబ్బు పంపడానికో, బ్యాలెన్స్ చూసుకోవడానికో కొట్టాలి, డబ్బు రావడానికి ఎప్పుడూ అక్కర్లేదు. ఈ మాట ఇంట్లో అమ్మకు, బాపుకు కూడా చెప్పు. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోవద్దు, వెంటనే 1930కి ఫోన్ చెయ్యి. ఎంత తొందరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపించే వీలు అంత ఎక్కువ.

ఎక్సెల్‌ను ఇంటి లెక్కతో నేర్చుకో

పుస్తకంలో ఉండే కంపెనీ జీతాల పట్టికతో ఎక్సెల్ బుర్రకెక్కదు. ఇంట్లో పత్తి అమ్మిన తక్‌పట్టీలు, అంటే అమ్మకం లెక్క చీటీలు, తీసుకుని కూర్చో. పత్తి లేకపోతే మిర్చి, అదీ లేకపోతే రూమ్ ఖర్చులు.

మొదటి వరుస శీర్షికలకు వదిలి, రెండో వరుస నుంచి ఎ కాలమ్‌లో ఎన్నో ఏరుడో రాయి, బి లో క్వింటాళ్లు, సి లో రేటు. మొదటిది 6.40 క్వింటాళ్లు, 6,800 రేటు అనుకుందాం. రెండోది 9.25, రేటు 7,000. మూడోది 3.80, రేటు 6,500. డి2 గడిలో సమానం గుర్తు కొట్టి బి2*సి2 అని రాసి ఎంటర్ నొక్కు. 43,520 వస్తుంది. ఇప్పుడు ఆ గడి కుడి అడుగు మూలలో చిన్న చుక్క ఉంటుంది. దాన్ని పట్టుకుని కిందికి లాగు. మిగతా రెండూ అవే పడతాయి, 64,750, 24,700. డి5లో సమానం గుర్తు, సమ్, బ్రాకెట్లో డి2 కోలన్ డి4. మొత్తం 1,32,970. అట్లాగే బి5లో క్వింటాళ్ల మొత్తం, 19.45.

సగటు రేటు ఎంత పడిందని బాపు అడుగుతాడు. మూడు రేట్లకు యావరేజ్ ఫార్ములా పెడితే 6,766 పైచిలుకు చూపిస్తుంది. అది తప్పు లెక్క, ఎందుకంటే మంచి రేటుకు ఎక్కువ పత్తి పోయింది. మొత్తం డబ్బును మొత్తం క్వింటాళ్లతో భాగించాలి, అంటే డి5ను బి5తో. 6,836 పైచిలుకు వస్తుంది. ఫార్ములా కంప్యూటర్ వేస్తుంది గానీ ఏ ఫార్ములా వెయ్యాలో నీకే తెలియాలి.

ఆధార్, హాల్ టికెట్ నంబర్లు రాసేటప్పుడు జాగ్రత్త. 12 అంకెల నంబరు కొడితే ఎక్సెల్ దాన్ని ఏదో 'ఇ' కలిపి కుదించి చూపిస్తుంది. ముందు సున్నా ఉంటే మింగేస్తుంది. 15 అంకెలు దాటితే చివరి అంకెలు సున్నాలుగా మార్చేస్తుంది, ఇక తిరిగి రావు. అందుకే నంబరు కొట్టేముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టు, లేదా నంబరు ముందు ఒంటి కొటేషన్ గుర్తు కొట్టు.

షీట్ పూర్తయ్యాక ఫోన్‌లో బాపుకు చూపించు. మా బాపు చూడగానే అడిగింది, తరుగు ఎక్కడ, హమాలీ ఎక్కడ అని. నీకూ అదే ప్రశ్న వస్తుంది. డి కాలమ్ పక్కన ఇ, ఎఫ్ కాలమ్‌లు ఖాళీగానే ఉన్నాయి. తరుగుకు ఒకటి, హమాలీకి ఒకటి, తక్‌పట్టీ చూసి నింపు. చేతికొచ్చింది ఎంతో వాటి పక్క కాలమ్‌లో తీసివేత పెట్టి, మళ్లీ ఆ చుక్కను పట్టుకుని కిందికి లాగు.